ముక్కుతో నొక్కిన ఓటు

రొయ్యల వాసన గురించి కొత్తపిల్లకి మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. అది చేతులకి అంటుకునే వాసన కాదు, చేతుల్లో కాపురం పెట్టే వాసన. సబ్బుతో కడిగితే సబ్బుకే రొయ్యల కంపు పట్టుకుంటుంది. ముద్ద నోటి దాకా తెచ్చుకుంటే ముందు ముక్కు తింటుంది, తర్వాతే నోరు.

బడి చదువు అయిపోయి, పై చదువుకి దారి దొరక్క, ఆ పిల్ల పెద్దమ్మ వెంట రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. కన్నతల్లి పోయాక పెంచి పెద్దచేసింది పెద్దమ్మే. షెడ్డులో అందరూ ఆ పిల్లని కొత్తపిల్ల అనే పిలిచేవారు. మాటకి మాట చెప్పే రకం కాదు. ఎవరైనా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి, ఒలిచిన రొయ్యని పొట్టులోనూ పొట్టుని టబ్బులోనూ పడేసేది.

ఆ ఫ్యాక్టరీలో రెండు లోకాలుండేవి. కింద షెడ్డులో ఐసునీళ్ళ మధ్య నిలబడి తల గిల్లి, పొట్టు ఒలిచి, వీపునున్న నల్ల నరం లాగేవాళ్ళు. పైన హాలులో ఆ రొయ్యల్ని పెట్టెల్లో సర్ది చీటీలు అంటించేవాళ్ళు. పైవాళ్ళకి తెల్లటోపీలు, పొడి చేతులు, కంపెనీ వైఫై ఉండేవి. కిందవాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడ నుంచి వేలాడే ప్లాస్టిక్ గుడ్డ. ఫోన్లు అలమరలో పెట్టి తాళం వేసి రావాలి. తెచ్చుకున్నా లాభం లేదు. ఫ్యాక్టరీ పల్లంలో ఉంది, అక్కడికి సిగ్నల్ రాదు. కిందవాళ్ళుండే కాలనీకీ రాదు. పని నుంచి ఇంటికెళ్ళే దారిలో వాళ్ళ ఫోన్లకి ప్రాణం వచ్చేది ఒక్కచోటే, ఆ రెంటికీ మధ్యనున్న వంతెన మీద.

కంపెనీ బస్సు వంతెన నడుముకి చేరగానే ఫోన్లన్నీ ఒక్కసారిగా కిచకిచలాడేవి.

"లేచాయమ్మా మన పిట్టలు!" అనేది రేడియో అక్క. ఆమె నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళు షెడ్డులో లేరు, అందుకే ఆ పేరు. బస్సు వంతెన దిగేలోపు ఎవరి కబుర్లు వాళ్ళు గబగబా చదువుకోవాలి. దిగిందా, పిట్టలు మళ్ళీ చచ్చినట్టే.

సూపర్‌వైజర్ ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు. దాని పేరు 'మనమంతా ఒకటే'. ఎవరు ఏం రాసినా ఆయన కింద బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. ఒకామె "మా అత్తగారు పోయారు సార్, రేపు రాలేను" అని రాస్తే దానికీ బొటనవేలే. ఆనాటి నుంచి ఆయన పేరు బొటనవేలు సారు అయింది.

ఒక సాయంత్రం బస్సు వంతెన మీదికి రాగానే పిట్టలు కూశాయి. పెద్దమ్మ ఫోను కొత్తపిల్ల తీసి చూసింది. పెద్దమ్మకి చదువు కొద్దిగానే వచ్చు, ఆమె కబుర్లన్నీ ఈ పిల్లే చదివి చెప్పాలి.

"ప్రియమైన కుటుంబ సభ్యులారా, బస్సు ఏ దారిన వెళ్ళాలి? ఒకటి, మెయిన్ రోడ్డు: అందరం త్వరగా ఇల్లు చేరతాం. రెండు, వంతెన దారి: అందరికీ ఆలస్యం." కింద ఒక పువ్వు. దాని కిందే ఇంకొకటి. "పోల్ ముగిసింది. మెయిన్ రోడ్డు నెగ్గింది. మాట్లాడనివాళ్ళు ఒప్పుకున్నట్టే. సోమవారం నుంచి అమలు. ధన్యవాదాలు." మళ్ళీ పువ్వు.

పోల్ పెట్టింది ఆ పొద్దున కిందవాళ్ళు పనిలో దిగాక. ముగించింది మధ్యాహ్నం గంట కొట్టకముందే.

"ఏం రాశాడే?" అంది పెద్దమ్మ.

కొత్తపిల్ల చదివి వినిపించింది. ముందు సీట్లలో ప్యాకింగ్ హాలు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళకి ఈ సంగతి పొద్దుటి నుంచీ తెలుసు. తెలిసి కూడా మధ్యాహ్నం కుళాయి దగ్గర వీళ్ళ పక్కనే నిలబడి సీసాలు నింపుకున్నారు. ఇప్పుడు వాళ్ళలో ఒక్క తలా వెనక్కి తిరగలేదు. కొత్తపిల్లకి వరసగా ఆ తెల్లటోపీల వెనక భాగాలే కనిపించాయి.

బస్సు మెయిన్ రోడ్డు పడితే కాలనీవాళ్ళు కూడలి దాకా నడవాలి. కాలవ గట్టు, ఆ తర్వాత వంతెన, ఆ పైన ఎత్తురోడ్డు. పెద్దమ్మ కుడి మోకాలు ఎప్పుడో మొరాయించింది. బస్సు మెట్టు ఎక్కాలన్నా కొత్తపిల్ల భుజం కావాలి. గేటు గంట కొట్టాక వస్తే ఆ రోజు పని ఉండదు. అలా నాలుగుసార్లు జరిగితే అసలు పనే ఉండదు. ఇంత చిన్న లెక్క కట్టడానికి పెద్దమ్మకి చదువు అవసరం రాలేదు.

"సోమవారం నుంచి నేను ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకోవాలన్నమాట," అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

మర్నాడు ఇద్దరూ బొటనవేలు సారు గదికి వెళ్ళారు. రేడియో అక్క పిలవకుండానే తోడొచ్చింది. కిందవాళ్ళు గదిలోకి వస్తే ఆయన సెంటు రాసిన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. అలా అడ్డం పెట్టుకునే మాట్లాడాడు.

"పోల్ పెట్టాం కదమ్మా. అందరినీ అడిగే చేశాం."

"మాకు తెలీదు సార్. మా ఫోన్లు అలమరలో ఉన్నాయి," అంది పెద్దమ్మ.

"గ్రూపులో పెట్టాక తెలీదంటే ఎలా? మీరెవరూ వద్దనలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు."

"అర్ధమే కదా సార్, అంటే సగమేగా. మిగతా సగం ఎవరినడిగారు?" అంది పెద్దమ్మ.

రేడియో అక్క కిసుక్కున నవ్వింది. ఆయన రుమాలు మడత మార్చాడు.

"సరే. మీ తృప్తి కోసం రేపు మళ్ళీ పెడతా. మెట్ల కింద పై వైఫై అందుతుంది, పాస్‌వర్డ్ ఇప్పిస్తా. పని మధ్యలో వచ్చి నొక్కి వెళ్ళండి. ఆ తర్వాత మాత్రం మళ్ళీ ఈ గొడవ తేవద్దు."

కొత్తపిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది. "సార్, ఫోన్లు కాకుండా..." అని మొదలుపెట్టింది. ఆయన చూశాడు. ఆ పిల్ల గుమ్మం బయటికి జరిగింది.

మర్నాడు పని మధ్యలో ఈల వేశారు. ఆడవాళ్ళందరూ ఫోన్లు తీసుకుని మెట్ల కిందికి పరిగెత్తారు. అక్కడ మొదలైంది అసలు తంటా.

పొద్దుటి నుంచి ఐసునీళ్ళలో నానిన వేళ్ళు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, ఎవరివో పీనుగు వేళ్ళలా ఉన్నాయి. వాటిని తెర మీద పెడితే ఫోను అవి మనిషి వేళ్ళని ఒప్పుకోలేదు. ఒకామె చంకలో చెయ్యి పెట్టుకుని వెచ్చబెట్టింది. ఇంకొకామె తలకి రాసుకుంది. ఒకామె ఫోనుని తిట్టి చూసింది. తెరల మీద రొయ్యల నీళ్ళు పూసుకున్నాయి తప్ప ఓట్లు పడలేదు.

"వేలు కాదంటే ముక్కు పెట్టండే!" అంది రేడియో అక్క. "మన ఒంట్లో పొడిగా మిగిలింది అదొక్కటేగా!"

ఆమె వంగి ముక్కుతో ఫోనుని పొడిచింది. ఫోను ఒప్పుకుంది. అయితే ముక్కుకి కళ్ళు లేవు. పడింది మెయిన్ రోడ్డు మీద.

"అయ్యో, నా ముక్కు పార్టీ మార్చిందే!"

మార్చుకుందామని మళ్ళీ పొడిస్తే ఈసారి ఫోటోలు తెరుచుకున్నాయి. అంతలో మిగతావాళ్ళూ వంగారు. పెద్దమ్మ మోకాలు పట్టుకుని, మెట్టుకి ఆనుకుని, ఫోనుని ముఖం దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకుని పొడిచింది. ఎటు పడిందో ఆమెకే తెలీదు. కొత్తపిల్ల తన ఓటు వేసి, పెద్దమ్మ ఫోను అందుకునేలోపు గంట కొట్టారు. సగంమంది ఇంకా వరసలోనే ఉన్నారు.

పైన మెట్ల మలుపులో తెల్లటోపీలు కొన్ని కిందికి వంగి చూస్తున్నాయి. వాటిలో ఒకామె చేతిలో ఫోను ఉంది. అది ఎందుకు ఉందో కొత్తపిల్లకి సాయంత్రం వంతెన మీద తెలిసింది.

గ్రూపులో వీడియో. వంగిన వీపులు, ఫోన్లని పొడుస్తున్న ముక్కులు. మధ్యలో పెద్దమ్మ, కళ్ళు మూసుకుని. కింద రాసి ఉంది: "కొంగలు ఓటేస్తున్నాయి." దాని కింద నవ్వు ముఖాలు. కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వే ముఖాలు. వాటన్నిటి కింద ఒక బొటనవేలు. ఆ తర్వాత ఫలితం: మెయిన్ రోడ్డు. మాట్లాడనివాళ్ళు ఒప్పుకున్నట్టే. పువ్వు.

"ఏమైందే?" అంది పెద్దమ్మ.

"ఓడిపోయాం," అంది కొత్తపిల్ల. వీడియో సంగతి చెప్పలేదు. ఫోను మూసి తన సంచీలో పెట్టేసుకుంది. బస్సు వంతెన దిగింది.

ఆ తర్వాతి రోజు మరుగుదొడ్లు కడిగే వంతు కొత్తపిల్లది. కిందదీ పైదీ రెండూ కిందవాళ్ళే వంతులవారీగా కడగాలి. ఎప్పటి నుంచో అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు. పై దొడ్డి కింద దొడ్డి కన్నా ఘోరంగా ఉండేది. కిందవాళ్ళు మర్నాడు కడగాల్సింది తామే కదా అని చూసుకుని వాడతారు. పైవాళ్ళకి ఆ భయం లేదు. ఆ రోజు నేల మీద అన్నీ ఉన్నాయి. గోడకి ఎవరో చెయ్యి తుడుచుకున్నారు. బకెట్టు మాత్రం ఒక మూల బోర్లించి ఉంది, ముట్టుకుంటే మైలపడతామన్నట్టు.

కొత్తపిల్ల ముక్కుకి గుడ్డ కట్టుకుని చీపురు తీసుకుంది. తలుపవతల తెల్లటోపీలు నవ్వుకుంటున్నాయి.

"కొంగల్లో ఆ మోకాలి కొంగని చూశావా? దణ్ణం పెడుతున్నట్టే ఉంది!"

"నేను మా ఆయనకి కూడా పంపించా."

రొయ్యల కుళ్ళు వాసన అలవాటైన ముక్కు అది. ఏ వాసనకీ ఇంతవరకూ ఆ పిల్లకి వాంతి రాలేదు. ఆ రోజు వచ్చింది. కక్కింది, దాన్నీ తనే కడిగింది. కడుగుతూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన కూడా ఆ దొడ్డిలోంచే వచ్చినట్టు అనిపించి అదీ రోతగానే ఉంది. అయినా వదల్లేదు.

ఇంటికెళ్ళాక అడిగింది. "పెద్దమ్మా, గ్రూపులో పోల్ ఎవరైనా పెట్టొచ్చా?"

"నన్నడుగుతావేంటే! పెట్టొద్దని ఎవరూ అనలేదుగా. మౌనం సగం ఒప్పుకున్నట్టేనట కదా."

కొత్తపిల్ల తన ఆలోచన చెప్పింది. పెద్దమ్మ మోకాలికి నూనె రాసుకుంటూ విని, చెయ్యి ఆపింది.

"నీ పేరు కనబడకూడదు. నా ఫోన్లోంచి పెట్టు."

"నిన్ను పనిలోంచి తీసేస్తే?"

"సోమవారం ఎలాగూ ఊడేదే. ముందే ఊడితే సోమవారం దాకా ఎదురుచూసే బాధ తప్పుతుంది."

పొద్దున బస్సు ముందు కాలనీకి వచ్చి, తర్వాత టౌనుకెళ్ళి తెల్లటోపీల్ని ఎక్కించుకుని ఫ్యాక్టరీకి పోతుంది. అంటే పొద్దున వంతెన మీద బస్సులో ఉండేది కిందవాళ్ళే, ఇంకా తడవని వేళ్ళతో. శనివారం పొద్దున బస్సెక్కగానే రేడియో అక్క డ్రైవర్ దగ్గరికెళ్ళింది.

"బాబాయ్, వంతెన మీద కాసేపు ఆపాలి."

"ఎందుకు?"

"చెబితే నీ ఉద్యోగం ఊడుతుంది."

"అయితే చెప్పకు. టైర్లో గాలి తగ్గినట్టుంది, చూసుకోవాలి," అని వంతెన నడుమ బండి ఆపి, దిగి, టైర్లన్నిటినీ తీరిగ్గా తన్ని చూశాడు.

పెద్దమ్మ ఫోన్లోంచి కొత్తపిల్ల పోల్ పెట్టింది. "ప్రియమైన కుటుంబ సభ్యులారా, పై మరుగుదొడ్డి ఎవరు కడగాలి? ఒకటి, పైవాళ్ళు: ఎవరి దొడ్డి వాళ్ళకి శుభ్రం. రెండు, కిందవాళ్ళు: అందరికీ అన్యాయం." పువ్వు కూడా పెట్టింది. సీట్లలో పొడి వేళ్ళన్నీ టకటకా నొక్కాయి. ఒక్క ముక్కూ వంగాల్సిన పని రాలేదు. డ్రైవర్ బాబాయ్ మళ్ళీ ఎక్కేలోపు ఆ పిల్ల కింద రాసేసింది. "పోల్ ముగిసింది. మాట్లాడనివాళ్ళు ఒప్పుకున్నట్టే. సోమవారం నుంచి అమలు. ధన్యవాదాలు."

అన్నీ ఆయన మాటలే, అక్షరం మార్చలేదు. రాస్తుంటే నోట్లో ఎవరో నమిలి ఉమ్మింది పెట్టుకున్నట్టు అనిపించింది. బస్సంతా చప్పట్లు కొడుతుంటే ఆ పిల్ల మాత్రం వేళ్ళు చున్నీకి తుడుచుకుంది.

టౌనులో బస్సు ఆగీ ఆగకముందే తెల్లటోపీల్లో అందరికన్నా పెద్దామె ఎక్కింది.

"ఎవరు పెట్టారిది? ఎప్పుడు పెట్టారు? నేను తలకి పోసుకుని వచ్చేలోపు అయిపోయిందట!"

"మంచిపని చేశావమ్మా, నొక్కలేదు," అంది రేడియో అక్క. "తడి చేతులతో ఫోను ముట్టుకోకూడదు. పాడైపోతుంది."

"నేను స్టవ్ దగ్గర ఉన్నా! చూడనే లేదు!" అంది ఇంకొకామె.

"చూడనివాళ్ళు ఒప్పుకున్నట్టే," అని వెనక సీట్లన్నీ ఒకే గొంతుతో అన్నాయి.

ఫ్యాక్టరీ ఆవరణలో బస్సు ఆగేసరికి బొటనవేలు సారు గేటు దగ్గరే ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. రుమాలు చేతిలో ఉందిగానీ ముక్కుకి పెట్టుకోవడం మరిచిపోయాడు.

"ఇది చెల్లదు! సగంమంది లేనప్పుడు పెట్టి, వాళ్ళు చూసేలోపు మూసేస్తే అది పోలా? ఇంతకన్నా దొంగతనం ఉందా!"

అందరూ ఆగిపోయారు. వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఇంకొక్కసారి చెప్పండి సార్."

అన్నది ఎవరో చూడ్డానికి కిందవాళ్ళే తలలు తిప్పారు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కొత్తపిల్ల నిలబడి ఉంది.

"ఏంటి?"

"ఇప్పుడన్న మాట సార్. సగంమంది లేనప్పుడు పెడితే చెల్లదన్నారు. అదే గ్రూపులో రాయండి. మేం వంతెన మీద చదువుకుంటాం."

బొటనవేలు సారు మరిచిపోయిన రుమాలు గబుక్కున ముక్కుకి పెట్టుకున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టయింది. తెల్లటోపీల పెద్దామె ఆయన వంకా కొత్తపిల్ల వంకా చూసి, ఎవరో తన టోపీ లాగేసినట్టు దాన్ని రెండు చేతులతో సర్దుకుంది. రొయ్యల లారీ వచ్చి గేటు బయట హారన్ కొట్టింది. ఎండ ఎక్కుతోంది. రొయ్యలు మనుషుల తగువు తీరేదాకా ఆగవు. ఇంకాసేపైతే పాడవుతాయి.

"సరే, రెండూ కొట్టేస్తున్నా," అన్నాడు. "బస్సు సంగతి ఇక్కడే తేల్చండి. చేతులెత్తండి."

ఎత్తారు. వంతెన దారికి ఎత్తిన చేతులు లెక్కపెట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది. కిందవాళ్ళు ఎప్పుడూ ఎక్కువమందే, ఒకచోట నిలబడేదాకా ఆ సంగతి ఎవరికీ కనబడలేదంతే. తెల్లటోపీల్లోంచి కూడా ఒక చెయ్యి లేచింది. ఆమె ఒకప్పుడు కింద ఒలిచినావిడే. పక్కామె మోచేత్తో పొడిస్తే కూడా దించలేదు.

"మరి దొడ్డి?" అంది రేడియో అక్క.

"రెండూ కొట్టేశానన్నానుగా. అది ఎప్పటిలాగే."

కిందవాళ్ళు షెడ్డు వైపు కదిలారు. బస్సు దక్కింది కదా అని ఊరుకున్నారు. ఈసారి మౌనం నిజంగానే అంగీకారమైంది. కొత్తపిల్లకి అది బస్సు పోవడం కన్నా పెద్ద దెబ్బలా తగిలింది. పెద్దమ్మ మాత్రం "సోమవారం నేను పనికొస్తున్నానే!" అంటూ ఆ పిల్ల బుగ్గ గిల్లింది. వేళ్ళు రొయ్యల వాసన వేశాయి.

సాయంత్రం బస్సు వంతెన మీదికి చేరింది. పిట్టలు కూశాయి. "బస్సు దారి మారదు. మన ఐకమత్యం ఇలాగే ఉండాలి." పువ్వు, బొటనవేలు. చెల్లదన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పెద్దమ్మ ఆ రోజు సంతోషంలో ఫోను తనే తీసుకుని వేలితో పైకీ కిందికీ లాగింది. వీడియో దొరికింది.

కొత్తపిల్ల లాక్కోబోయింది. అందలేదు.

పెద్దమ్మ చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఒసేయ్, నా ముక్కు ఇంత ఉందా! ఎవరూ చెప్పలేదేమే ఇన్నాళ్ళూ! ఇదిగో చూడండే, కొంగ!"

ఫోను చేతులు మారింది. వెనక సీట్లన్నీ నవ్వాయి. రేడియో అక్క తన ముక్కుని చూపించి "పార్టీ మార్చిన ముక్కు ఇదే!" అంది. అంతలో ముందు సీట్లో తెల్లటోపీల పెద్దామె వెనక్కి తిరిగింది. మొన్న తిరగని తల ఇవాళ తిరిగింది. హమ్మయ్య అన్నట్టు ఆమె కూడా నవ్వులో కలిసింది. అందరూ నవ్వేశారు కాబట్టి ఇక అది తప్పు కాదు, సరదా అయిపోయింది.

కొత్తపిల్ల నవ్వలేదు. నవ్వు ఎక్కడినుంచి రావాలో అక్కడ పై దొడ్డి నేల కనిపించింది.

బస్సు వంతెన దిగింది. ఫోన్లు ఆగిపోయాయి, నవ్వు ఆగలేదు. కాలనీ వచ్చాక పెద్దమ్మకి భుజం ఇచ్చి ఆ పిల్ల నెమ్మదిగా ముందుకి నడిచింది. తెల్లటోపీల పెద్దామె దారిలో ఆపింది.

"ఏదో సరదాకి తీశారులే అమ్మాయ్. మనసులో పెట్టుకోకు."

కుదుపుకి పడిపోకుండా పట్టుకుంటున్నట్టు, కొత్తపిల్ల ఆమె తల ఆనించుకునే సీటు వీపు మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేత్తో అప్పటికి రోజంతా రొయ్యల నరాలు లాగింది. బస్సు పూర్తిగా ఆగినా చెయ్యి తియ్యలేదు. వేళ్ళు బాగా నొక్కి, గుడ్డ మీద ఇటునుంచి అటు ఒకసారి రాసి, అప్పుడు దిగింది.